రెండు బోర్డులు, ఒకే గల్లాపెట్టె

మా మండలం రైతు ట్రాక్టర్ కొనాలన్నా, రిపేరు చేయించుకోవాలన్నా పోయేది డివిజన్ కేంద్రంలోని బైపాస్ రోడ్డుకే. రోడ్డుకు ఈ పక్క ఒక కంపెనీ షోరూము, ఆ పక్క ఇంకో కంపెనీ షోరూము. ఇరవై ఏళ్లుగా ఇద్దరు యజమానులు. ఒకరి మొహం ఒకరికి పడేది కాదు. వాళ్ల పంతం మాకు లాభం. ఈ షాపులో కొటేషన్ రాయించుకుని ఆ షాపులో బల్ల మీద పెడితే, "అన్నా, వాడి కంటే పదివేలు తక్కువకిస్తా, పైన టాపు నాది" అనేవాడు. మళ్లీ మొదటి షాపుకొచ్చి చాయ్ తాగుతూ కూర్చుంటే ఇంకో ఐదువేలు దిగేది. వడ్లు అమ్మేటప్పుడు రేటు కొనేవాడిది. విత్తనం, పురుగుమందు కొనేటప్పుడు రేటు అమ్మేవాడిది. రైతు కుర్చీ లాక్కుని కూర్చుని బేరమాడే చోటు లోకంలో ఇదొక్కటే మిగిలి ఉండె.

పోయిన ఏడాది అదీ పోయింది. ఒక యజమాని రెండో దుకాణాన్ని కొనేశాడు. బోర్డులు మారలేదు, రంగులు మారలేదు, దసరాకు పూలదండలు రెండు షాపులకూ పడ్డాయి. మారింది గల్లాపెట్టె ఒక్కటే. ఇప్పుడు ఈ షాపు కొటేషన్ పట్టుకుని ఆ షాపుకు పోతే కుర్రాడు నవ్వుతున్నాడు. "అన్నా, రెండూ మా సారువే కదా, ఎక్కడ తీసుకున్నా అదే రేటు" అంటున్నాడు. ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పిన చోటే చేయించాలి. అప్పు వాళ్లు చూపించిన ఫైనాన్స్ కంపెనీలోనే తీసుకోవాలి. కాదంటే బండి రావడానికి "టైం పడుతుంది".

రేటు సంగతి ఒక ఎత్తు, రిపేరు ఇంకో ఎత్తు. ఇదివరకు రెండు షాపులకు కలిపి ఆరుగురు మెకానిక్‌లు ఉండేవారు. ఇప్పుడు ముగ్గురు. మొన్న వానకాలం నాట్ల ముందు మా పక్క పొలం కౌలు రైతు బండికి హైడ్రాలిక్ పోయింది. ఫోన్ చేస్తే రేపన్నారు, ఎల్లుండన్నారు. ఆరో రోజు మెకానిక్ వచ్చాడు. అప్పటికి నారు ముదిరింది. కాలువ నీళ్ల వంతు దాటిపోయింది. కిరాయి ట్రాక్టర్ పెట్టి ఎనిమిదెకరాలు దమ్ము చేయించాడు. సొంత బండి వాకిట్లో నిలబడి ఉండగా కిరాయి కట్టాడు, ఆ బండి కిస్తీ కూడా కట్టాడు. ఇదివరకు మెకానిక్ పరుగెత్తుకుని ఎందుకొచ్చేవాడు? మన మీద ప్రేమతో కాదు. ఈ రైతుకు కోపమొస్తే వచ్చేసారి ఎదుటి షాపులో కొంటాడన్న భయంతో. ఆ భయాన్ని పైసలిచ్చి కొనేసిన తర్వాత పరుగెందుకు?

ఇంకో సీసీఐ ఉంది

దీన్ని చూసే నాథుడు లేడా అని అడిగితే, ఉన్నాడట. మనకు సీసీఐ అంటే పత్తి కొనే సీసీఐ తెలుసు. తేమ ఎక్కువుందని మన బస్తాలు వెనక్కి పంపే సీసీఐ. ఢిల్లీలో ఇంకో సీసీఐ ఉంది, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా. 2002లో చేసిన పోటీ చట్టం కింద పుట్టింది. వ్యాపారులు కూడబలుక్కుని రేట్లు కట్టకుండా, పెద్దవాడు బలం చూపించి చిన్నవాడిని తొక్కకుండా, కంపెనీలు ఒకదాన్నొకటి మింగి మార్కెట్టును గుప్పిట్లో పెట్టుకోకుండా చూడటం దాని పని. కంపెనీల కొనుగోళ్లను, విలీనాలను ముందే పరిశీలించి అనుమతి ఇచ్చే అధికారం దానికి 2011 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. కాదనవచ్చు, షరతులు పెట్టవచ్చు, కొన్ని ఆస్తులు అమ్మేయమనవచ్చు.

మరి మా బైపాస్ రోడ్డు కొనుగోలును పరిశీలించిందా? లేదు. పరిశీలించదు కూడా. ఎందుకంటే ఆ గడప చాలా ఎత్తు. 2024 మార్చిలో కేంద్రం పెంచిన లెక్క ప్రకారం, అమ్ముడుపోయే సంస్థకు దేశంలో ఉన్న ఆస్తులు 450 కోట్ల రూపాయలు మించకపోయినా, టర్నోవరు 1,250 కోట్లు మించకపోయినా కమిషన్‌ను అడగాల్సిన పనే లేదు. మామూలు రైతు లెక్కలో చెబుతాను. ఒక ట్రాక్టర్ 8 లక్షలనుకోండి. 1,250 కోట్లు కావాలంటే ఏడాదికి 15 వేలకు పైగా ట్రాక్టర్లు అమ్మాలి. మా షోరూము మూడు నాలుగు వందలు అమ్మితే గొప్ప. అంటే ఇలాంటి దుకాణాలు నలభై కలిసి ఒకే సంస్థగా ఉన్నా, దాన్ని కొనేవాడు ఢిల్లీకి ఒక్క కాగితం రాయనక్కర్లేదు.

2023లో చట్టాన్ని సవరించారు. కొనుగోలు విలువ 2,000 కోట్లు దాటితే, ఆస్తులు, టర్నోవరు తక్కువున్నా పరిశీలించాలని కొత్తగా చేర్చారు. 2024 సెప్టెంబరు నుంచి అది అమలులో ఉంది. మంచిదే. డిజిటల్ కంపెనీల కోసం ఆలోచించారు. ఆస్తులు లేకపోయినా మార్కెట్టును మింగే రకం ఉందని వాళ్లకు అర్థమైంది. కానీ ఒక జిల్లాను మొత్తం మింగే చిన్న సంస్థ కూడా ఉంటుందని అర్థం కాలేదు. దేశం లెక్కలో చీమ. మా డివిజన్ లెక్కలో ఏనుగు.

న్యూకాజిల్‌లో ఏం చేశారు

ఇది తప్పనిసరి కాదు, ఇంకోలా చేయవచ్చు అనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. ఆస్ట్రేలియాలో 2019లో ఏపీ ఈగర్స్ అనే కార్ల డీలర్‌షిప్ సంస్థ, ఆటోమోటివ్ హోల్డింగ్స్ గ్రూప్ అనే ఇంకో డీలర్‌షిప్ సంస్థను కొనడానికి పూనుకుంది. కార్లు తయారుచేసేవాళ్లు కాదు వీళ్లు. అమ్మేవాళ్లు, సర్వీసు చేసేవాళ్లు. కంపెనీ ఏదైనా కావచ్చు, షోరూములు వీళ్లవి. దేశంలోనే పెద్ద పేరున్న రెండు సంస్థలు. దేశం మొత్తం లెక్క తీస్తే వేరే డీలర్లు బోలెడంత మంది ఉన్నారు. మన దగ్గరి వాదన ప్రకారమైతే "పోటీకి లోటు లేదు" అని సంతకం పెట్టి పంపేయాలి.

అక్కడి పోటీ కమిషన్ అలా చేయలేదు. మ్యాపు పరిచింది. రెండు సంస్థల షోరూములు ఏ ఏ ప్రాంతాల్లో పక్కపక్కన ఉన్నాయో ప్రాంతం వారీగా చూసింది. సిడ్నీకి ఉత్తరాన న్యూకాజిల్, హంటర్ లోయ ప్రాంతం దగ్గర దాని వేలు ఆగింది. అక్కడ ఈ రెండూ కలిస్తే కొనేవాడికి బేరమాడే దారి కుదించుకుపోతుందని అంది. 2019 జూలైలో అనుమతి ఇచ్చింది, కానీ షరతుతో. ఆ ప్రాంతంలో ఏపీ ఈగర్స్‌కు అప్పటికే ఉన్న కొత్త కార్ల డీలర్‌షిప్ వ్యాపారాన్ని వేరేవాళ్లకు అమ్మేయాలి. అమ్మితేనే పెద్ద కొనుగోలుకు దారి.

ఇందులో మనకు కావలసిన పాఠం ఒక్కటే. కారు కొనేవాడు దేశం మొత్తంలో కొనడు. తన ఊరికి అందే దూరంలో కొంటాడు. అందుకని పోటీ ఉందా లేదా అన్నది ఆ దూరం లోపలే చూడాలి. కారుకే ఇంత ఉంటే ట్రాక్టర్‌కు ఎంత ఉండాలి? కారు చెడితే బస్సెక్కి పోతాడు. నాట్లప్పుడు ట్రాక్టర్ చెడితే దేనిమీద పోవాలి?

విచిత్రమేమిటంటే ఈ మాట మన చట్టంలోనే రాసి ఉంది. 19వ సెక్షన్, 6వ ఉపసెక్షన్. ఒక వ్యాపారానికి సంబంధించిన భౌగోళిక మార్కెట్ ఏదో తేల్చేటప్పుడు కమిషన్ వేటిని చూడాలో అక్కడ వరసగా చెప్పారు. అందులో రవాణా ఖర్చు ఉంది. భాష ఉంది. అమ్మిన తర్వాత సర్వీసు వేగంగా అందాల్సిన అవసరం కూడా ఉంది. ఇది రాసినవాడు ఎవడో గాని, మా కౌలు రైతు వాకిట్లో నిలబడిపోయిన బండిని చూసి రాసినట్టే ఉంది. చట్టం లోపల ఇంత చక్కటి మాట రాసి, గుమ్మం దగ్గర 1,250 కోట్ల తాళం వేశారు.

వాళ్లు చెప్పే జవాబులు

ఈ సంగతి ఎత్తినప్పుడల్లా మూడు జవాబులు వింటున్నాను.

మొదటిది: "ఇక్కడ నచ్చకపోతే పక్క పట్నానికి పోండి, యాభై కిలోమీటర్లే కదా." కొనడానికి ఒకసారి పోవచ్చు. రిపేరుకు ఎలా పోవాలి? గంటకు పాతిక కిలోమీటర్లు నడిచే బండిని, అదీ చెడిపోయిన దాన్ని, డీసీఎం ఎక్కించి తీసుకుపోవాలి. వారంటీ సర్వీసుకు పోతే "ఎక్కడ కొన్నావో అక్కడికే పో" అన్నవాళ్లను నేనే చూశాను.

రెండోది: "రేటు కంపెనీ నిర్ణయిస్తుంది, డీలర్ చేతిలో ఏముంది?" ఏమీ లేకపోతే ఇరవై ఏళ్లు మాకు పదివేలు, పదిహేనువేలు ఎవరు తగ్గించారు? డీలర్ తన కమీషన్‌లోంచి ఇచ్చే తగ్గింపే కొనేవాడికి దక్కే పోటీ ఫలం. ఈ సంగతి కమిషన్‌కు బాగా తెలుసు. డీలర్లు తాము నిర్ణయించిన దానికంటే ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వకుండా కట్టడి చేసిందని 2021 ఆగస్టులో మారుతీ సుజుకీకి 200 కోట్ల జరిమానా వేసింది. దాని మీద కంపెనీ అప్పీలుకు పోయింది, ఆ గొడవ వేరు. కంపెనీ చెప్పి డిస్కౌంట్ ఆపితే తప్పయినప్పుడు, ఎదుటి షాపును కొనేసి డిస్కౌంట్ ఆపితే ఒప్పెలా అవుతుంది? నష్టపోయే రైతుకు రెండూ ఒకటే.

మూడోది కాస్త న్యాయమైన మాట: "డీలర్లు కూడా నలిగిపోతున్నారు. కంపెనీ అంటగట్టే స్టాకు, బ్యాంకు వడ్డీ, షెడ్డు అద్దె భరించలేక అమ్ముకుంటున్నారు." నిజమే. మా బైపాస్ రోడ్డులో దుకాణం అమ్ముకున్నాయన నాకు తెలిసినవాడే. సంతోషంగా అమ్ముకోలేదు. మన పోరాటం డీలర్ల మీద కాదు. కానీ ఒక మనిషి కష్టంలో ఉండి అమ్ముకుంటే, కొనేవాడు ఎదుటి షాపువాడే ఎందుకు కావాలి? మూడోవాడికి అమ్మే అవకాశం వెతకమని అడగడమే పరిశీలన అంటే. న్యూకాజిల్‌లో జరిగిందీ అదే. వ్యాపారం ఆగలేదు. చేతులు మారింది, కానీ ఎదురుగా ఉన్నవాడి చేతికి పోలేదు.

పైన కూడా ఇదే కథ

కింద డీలర్లు కలిసిపోతుంటే పైన కంపెనీలు ఎప్పుడో కలిసిపోయాయి. 2005లో ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారాన్ని టాఫే కొన్నది. 2007లో స్వరాజ్ బండ్లు చేసే పంజాబ్ ట్రాక్టర్స్‌ను మహీంద్రా చేజిక్కించుకుంది, 2009లో తనలో కలిపేసుకుంది. మన ఊళ్లో ఎర్రబండి గొప్పదా, నీలిబండి గొప్పదా అని రచ్చబండ దగ్గర వాదించుకుంటాం. రెండు బండ్ల లాభం ఒకే గూటికి చేరుతుంటే మన వాదన ఎవరి కోసం? దేశంలో అమ్ముడయ్యే ప్రతి పది ట్రాక్టర్లలో నాలుగుకు పైగా ఇప్పుడు ఆ ఒక్క గ్రూపువే. ఈ రెండు కొనుగోళ్లు జరిగేనాటికి విలీనాల పరిశీలన ఇంకా అమలులోకే రాలేదు. గుర్రాలు పోయిన తర్వాత కొట్టానికి తలుపు పెట్టారు.

తలుపు పెట్టిన తర్వాత ఏదీ జరగలేదని అనను. 2018లో బేయర్, మోన్‌శాంటో విలీనం వచ్చినప్పుడు ఇదే కమిషన్ ప్రజల అభిప్రాయాలు అడిగింది, కొన్ని వ్యాపారాలు వదులుకోవాలని షరతులు పెట్టి ఒప్పుకుంది. ఆ షరతులు చాలవని మనలో చాలామంది అన్నారు, నేనూ అన్నాను. అయినా అడిగే చోటు ఒకటి ఉంది, చెప్పుకునే గడువు ఒకటి ఉంది. ట్రాక్టర్ డీలర్ల విషయంలో అదీ లేదు.

విడిభాగాల సంగతీ అంతే. 2014 ఆగస్టులో ఈ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల జరిమానా వేసింది. కారణం? విడిభాగాలు, రిపేరు పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా తమ డీలర్ల చేతిలోనే బిగించిపెట్టుకున్నారని. కంపెనీలు పై కోర్టులకెక్కాయి. కానీ ఆ తీర్పులో కారు అన్నచోట ట్రాక్టర్ అని పెట్టి చదవండి, మన గోడు అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. ఆస్ట్రేలియా కమిషన్ 2021 మేలో వ్యవసాయ యంత్రాల మీదే ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. బయటి మెకానిక్‌కు సాఫ్ట్‌వేర్ అందక, వారంటీ పోతుందన్న భయంతో రైతు డీలర్‌కే కట్టుబడిపోతున్నాడని చెప్పింది. అమెరికాలో 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఇదే ఆరోపణతో జాన్ డీర్ మీద కోర్టుకెళ్లింది. మన కేంద్రం కూడా 2022 డిసెంబరులో "రిపేరు హక్కు" పోర్టల్ ఒకటి పెట్టింది. అందులో వ్యవసాయ పరికరాలను చేర్చారు. పోర్టల్ పెడితే హక్కు రాదు. సామాను మా ఊరి మెకానిక్ చేతికొస్తే హక్కు వస్తుంది.

ఇక జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. పన్ను కాక 7 లక్షలున్న బండికి 49 వేలు తగ్గాలి. కాగితం మీద తగ్గింది. కానీ టాపుకు ఇంత, రిజిస్ట్రేషన్‌కు ఇంత, "హ్యాండ్లింగ్"కు ఇంత అని కలుపుకుంటూ పోతే ఎంత మిగులుతుంది? రెండు షాపులు కొట్లాడుకునే ఊళ్లో ఆ 49 వేలు రైతు దాకా వస్తాయి. ఒకే గల్లాపెట్టె ఉన్న ఊళ్లో దారిలోనే ఇంకుతాయి. ఎండిన కాలువలో వదిలిన నీళ్లలాగా.

మనం అడగాల్సింది, చేయాల్సింది

ముందు మన తప్పు ఒప్పుకుందాం. మద్దతు ధర మీద, కరెంటు మీద, యూరియా మీద ధర్నాలు చేశాం. ట్రాక్టర్ షాపు ముందు ఎప్పుడూ కూర్చోలేదు. అది "పెద్ద రైతుల గొడవ" అనుకున్నాం. కిరాయి గంటకు ఎంత పెరిగిందో రెండెకరాల రైతును అడగండి. బండి రేటు, డీజిల్, విడిభాగాలు, కిస్తీ అన్నీ చివరికి కిరాయిలోకే దిగుతాయి. ట్రాక్టర్ లేనివాడే ఎక్కువ కడుతున్నాడు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఇవి:

1. వ్యవసాయ యంత్రాల డీలర్‌షిప్‌ల కొనుగోళ్లకు 450 కోట్లు, 1,250 కోట్ల మినహాయింపు వర్తించకూడదు. ఒక రెవెన్యూ డివిజన్‌లో ఉన్న డీలర్ ఇంకో డీలర్‌ను కొంటే కమిషన్‌కు ముందే తెలపాలి. పెద్ద విచారణ అక్కర్లేదు. ఆ ప్రాంతంలో ఇంకా ఎందరు మిగులుతారో చూసి, రైతు సంఘాలను ఒక మాట అడిగి తేల్చవచ్చు.

2. ప్రతి షోరూము గోడ మీద అసలు యజమాని ఎవరో, అదే యజమానికి ఆ జిల్లాలో ఇంకా ఏ షోరూములున్నాయో రాయాలి. విడిభాగాల రేట్ల పట్టిక, మెకానిక్ కూలి కూడా తెలుగులో పెట్టాలి.

3. విడిభాగాలు, రిపేరు పుస్తకాలు, పరికరాలు ఊరి మెకానిక్‌లకు అమ్మాలి. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ పోదని కంపెనీలు రాసివ్వాలి.

4. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో ఎక్కువగా అరిగే సామాన్లు నిల్వ పెట్టాలి. ఎరువు అమ్మగలిగిన సంఘం ఫిల్టర్లు, బెల్టులు, సీళ్లు అమ్మలేదా?

ఇవి అడిగేలోపు మన చేతుల్లో ఉన్న పని ఒకటుంది. విలీనాన్ని ముందే ఆపడానికే ఆ కోట్ల గడప. బలాన్ని దుర్వినియోగం చేయడం మీద ఫిర్యాదుకు ఆ గడప లేదు. ఆ ప్రాంతంలో డీలర్‌ది ఆధిపత్యమని మనం చూపించగలగాలి, అంతే. ఒకటి కొంటేనే ఇంకోటి ఇస్తానని అంటగట్టడం మీద కూడా సెక్షన్ ఉంది. ఎవరైనా, ఏ సంఘమైనా 19వ సెక్షన్ కింద రుసుము కట్టి కమిషన్‌కు సమాచారం ఇవ్వవచ్చు. జరిగిన మూడేళ్లలోపు ఇవ్వాలి. ఇది దొంగతనం జరిగాక పోలీసు స్టేషన్‌కు పోవడం లాంటిదే, తాళానికి బదులు కాదు. అయినా పోవాలి. పోతేనే తాళం సంగతి అడిగే నోరు వస్తుంది.

కానీ కమిషన్ ముందు కన్నీళ్లు పనికిరావు, కాగితాలు కావాలి. మనం కొటేషన్ చింపేస్తాం, బిల్లు పోగొడతాం, జాబ్ కార్డు అడగనే అడగం. ఇక ముందు అలా కుదరదు. ఈ నెల నుంచి ప్రతి గ్రామ శాఖ నాలుగు రకాల కాగితాలు పోగుచెయ్యాలి. డీలర్లు కలవక ముందు, కలిసిన తర్వాత రాసిచ్చిన కొటేషన్లు. ఇన్సూరెన్స్, ఫైనాన్స్ అంటగట్టినట్టు చూపే రసీదులు. బండి చెడినట్టు ఫోన్ చేసిన తేదీ, మెకానిక్ వచ్చిన తేదీ. ఒకే సామానుకు రెండు ఊళ్లలో వేసిన బిల్లులు. జిరాక్సులు మండల కమిటీకి ఇవ్వండి, అసలు కాగితాలు మీ దగ్గరే దాచుకోండి.

మా మండలంలో మొదలుపెట్టాం. మొదటి కాగితం ఆ కౌలు రైతుది. ఫోన్ చేసిన తేదీకీ మెకానిక్ వచ్చిన తేదీకీ మధ్య ఆరు రోజులు. ఇలాంటివి వంద చేరిన రోజున, పత్తి సీసీఐ ముందు నిలబడినట్టే ఆ ఇంకో సీసీఐ ముందూ నిలబడదాం. మన బస్తాలో తేమ శాతం చూస్తారు కదా, వీళ్ల మార్కెట్టులో పోటీ శాతం ఎంతో చూడమని అడుగుదాం.